పల్లేరు కాయల దారిలో ట్యూబ్‌లెస్ చక్రాలు: ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి, మూడో వారం – ఏ చక్రాలు, ఎందుకు

హైదరాబాదు చుట్టుపక్కల గుట్టల్లో మౌంటెన్ బైకు ట్యూబుల్ని తినేసేవి ముళ్ళే. వానాకాలంలో పాకిన పల్లేరు తీగలు ఈపాటికి ఎండిపోయి కాయలు బాట మీదే రాలి ఉంటాయి. కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. చేల గట్ల మీద కంచెకి వేసిన సర్కారు తుమ్మ కంప దీనికి తోడు. పైగా ముళ్ళకి భయపడి గాలి ఎక్కువ కొడితే రాళ్ళ మీద టైరు ఎగురుతుంది, తక్కువ కొడితే ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ట్యూబ్ తీసేసి, చిల్లులు పూడ్చే ద్రవం (సీలెంట్) పోస్తే ఈ రెండు బాధలూ ఒకేసారి తగ్గుతాయి. బరువు తగ్గుతుందని చాలామంది చెబుతారు కానీ అది పెద్ద లెక్కలోది కాదు. 29 అంగుళాల ట్యూబు 200 గ్రాములకి అటూ ఇటూ ఉంటుంది. సీలెంట్, టేపు, వాల్వు కలిపితే 120 గ్రాములు దాటుతుంది.

పనికి తీసుకున్న చక్రాలు: 29 అంగుళాలవి, అంటే టైరు మీద 622 అని ఉండే సైజు. అల్యూమినియం డబుల్ వాల్ (రెండు గోడల) రిమ్ము, లోపలి వెడల్పు 25 మి.మీ., 32 స్పోకులు, వాల్వు రంధ్రం 6.5 మి.మీ. టైర్లు 29×2.25.

ఈ పని ఏ చక్రానికైనా చెయ్యొచ్చనుకోవద్దు. సింగిల్ వాల్ రిమ్ములో నిపుళ్ళ (స్పోకులని రిమ్ముకి బిగించే చిన్న నట్ల) తలలు టేపు కిందే ఉబ్బెత్తుగా ఉంటాయి. బీడ్ (రిమ్ముని పట్టుకునే టైరు అంచు) కూర్చోవడానికి చదునైన చోటు, అది లోపలికి జారకుండా ఆపే చిన్న గట్టు కూడా ఉండవు. టైరు కూడా ట్యూబ్‌లెస్ రెడీ అయి ఉండాలి. మ్యాక్సిస్ టైరు మీద టీఆర్ అనీ, ష్వాల్బే మీద టీఎల్ఈ అనీ ఉంటుంది. మామూలు తీగ బీడ్ టైరు వేస్తే మొదట్లో గాలి నిలిచినట్టే ఉంటుంది. మలుపులో టైరు పక్కకి ఒరిగినప్పుడు రిమ్ము వదిలేస్తుంది. అక్కడ మిగిల్చే డబ్బు కన్నా ఆ పడడం ఖరీదైనది.

మోటారు సైకిళ్ళ ట్యూబ్‌లెస్ మనకి అలవాటే కదా, సైకిలుకి ఈ టేపు గొడవ ఎందుకని అడుగుతారు. బైకు అల్లాయ్ చక్రం ఒకే పోత, గాలి పోవడానికి రిమ్ములో చిల్లులే లేవు. స్పోకుల రిమ్ములో 32 చిల్లులు లోపలికి తెరుచుకునే ఉంటాయి. 1999లో మావిక్, మిష్లాన్, హచిన్సన్ కంపెనీలు కలిసి తెచ్చిన యూఎస్‌టీ పద్ధతిలో రిమ్ము లోపలి అడుగు చిల్లు లేకుండా మూసి ఉండేది, టైరు గోడ గాలి చొరనంత మందంగా ఉండేది. సీలెంట్ లేకుండానే గాలి నిలిచేది, బరువు మాత్రం ఎక్కువ. ఇప్పుడు మనం వాడేవి తేలిక రిమ్ములు, పలచ టైర్లు. వాటిలో లేని బిగువుని టేపు, సీలెంట్ ఇస్తాయి. అందుకే ఈ ప్రాజెక్టులో సగం శ్రద్ధ టేపు మీదే.

సామాను

- టేపు: 30 మి.మీ. వెడల్పు, 9 మీటర్ల చుట్ట. రిమ్ము లోపలి వెడల్పు కన్నా 3 నుంచి 5 మి.మీ. ఎక్కువ ఉండాలి. రిమ్ము అడుగు మధ్యలో లోతుగా ఉంటుంది కాబట్టి ఆ లోయలోకి దిగి మళ్ళీ రెండు వైపులా పైకి రావడానికి ఆ అదనపు వెడల్పు కావాలి.
- ప్రెస్టా (సన్న రకం) ట్యూబ్‌లెస్ వాల్వులు 2, కోరు (గాలిని ఆపే లోపలి ముక్క) విప్పొచ్చేవి. కోరు విప్పే చిన్న పానా.
- లేటెక్స్ సీలెంట్ 500 మి.లీ.
- 60 మి.లీ. సిరంజి, దాని మూతికి పట్టే సన్న గొట్టం. మందుల షాపులో దొరుకుతుంది.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 100 మి.లీ. కోఠి గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజారులో దొరుకుతుంది.
- గిన్నెలు తోమే లిక్విడ్, స్ప్రే సీసా, పాత నూలు గుడ్డలు, ప్లాస్టిక్ టైరు లివర్లు 2.
- నేల మీద పెట్టి కొట్టే పంపు, తక్కువ ప్రెషర్ సరిగ్గా చూపే డిజిటల్ గేజి.

టేపు లెక్క: 622 మి.మీ. వ్యాసానికి చుట్టుకొలత 1.95 మీటర్లు. ఒక్కో చక్రానికి రెండు పొరలు, చివర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కడానికి కొంత వేసుకుంటే రెండు చక్రాలకీ 8 మీటర్ల చిల్లర. ఏ పొరా పాడవకపోతే 9 మీటర్ల చుట్ట సరిపోతుంది.

చవకలో కావాలంటే పెట్టెల ప్యాకింగుకి వాడే పాలీప్రొపైలీన్ స్ట్రాపింగ్ టేపు, టెసా 4289 లాంటిది, బాగా పనిచేస్తుంది. కరెంటు పనివాళ్ళు వాడే ఇన్సులేషన్ టేపు మాత్రం వద్దు. అది పీవీసీ, సాగుతుంది. గాలి ఒత్తిడికి ప్రతి నిపుల్ రంధ్రంలోకీ గుంట పడి, ఆ గుంట అంచున చిరుగుతుంది.

వాల్వు రంధ్రం చూసుకోకుండా వాల్వు కొనకూడదు. మన దగ్గర అమ్ముడయ్యే మౌంటెన్ బైకుల్లో చాలావాటికి మోటారు సైకిలు వాల్వుకి సరిపోయే 8.5 మి.మీ. రంధ్రం ఉంటుంది. దానికి ష్రేడర్ రకం ట్యూబ్‌లెస్ వాల్వు విడిగా దొరుకుతుంది. పెద్ద రంధ్రంలో ప్రెస్టా వాల్వు పెట్టి లోపల ఎంత టేపు చుట్టినా అది కదులుతూనే ఉంటుంది, కదిలినంతకాలం గాలి కారుతూనే ఉంటుంది.

విప్పడం, బెండు తీయడం, తుడవడం

బ్రేకు డిస్కులు ముందే విప్పి సంచిలో పెట్టాం. ఆరు బోల్టులు, టీ25 పానా. డిస్కు మీద ఒక్క చుక్క సీలెంట్ పడినా బ్రేకు ప్యాడ్లు పాడవుతాయి.

తర్వాత రిమ్ము బెండు తీయడం. ఈ పని టేపు వేసే ముందే కావాలి. టేపు వేశాక ఏ నిపుల్ అయినా విరిగితే మార్చడానికి టేపు మొత్తం పీకాల్సిందే. ట్యూబ్‌లెస్ టైరు బీడ్ బిగుతుగా కూర్చుని రిమ్ముని లోపలికి నొక్కుతుంది. దానివల్ల స్పోకుల బిగువు కాస్త తగ్గుతుంది. ముందే వదులుగా ఉన్న చక్రం అప్పుడు ఇంకా వదులై చప్పుడు చేస్తుంది.

పాత రబ్బరు పట్టీ తీసేసి రిమ్ము లోపల వేలు తిప్పి చూస్తే వెల్డు కలిసిన చోట చిన్న గరుకు తగిలింది. 400 నంబరు ఎమెరీ కాగితంతో రుద్దాం. నిపుల్ రంధ్రాల అంచులూ అంతే. వేలికి తగిలే ప్రతి గరుకూ తర్వాత టేపుకి కత్తి.

పొడి గుడ్డతో ఒకసారి, ఆల్కహాల్ తడిపిన గుడ్డతో రెండుసార్లు. రెండో గుడ్డ కూడా నల్లబడితే మూడోది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఆపకూడదు. తుడిచాక లోపల చెయ్యి పెట్టొద్దు, చేతి జిడ్డు చాలు జిగురు పట్టకపోవడానికి. పెట్రోలు, కిరోసిన్ అసలు వాడొద్దు, ఆరిపోయాక కూడా పలచటి నూనె పొర వదులుతాయి.

టేపు

వాల్వు రంధ్రానికి బెత్తెడు ముందు మొదలుపెట్టి, చుట్టూ తిప్పి, రంధ్రం దాటి మరో బెత్తెడు ముందుకి వెళ్ళి ఆపాం. అప్పుడు వాల్వు చుట్టూ ఎక్కువ పొరలు పడతాయి. వాల్వు అడుగు రబ్బరు నొక్కేది అక్కడే కాబట్టి ఆ మందం పనికొస్తుంది.

వేసేటప్పుడు చక్రాన్ని ఒడిలో పెట్టుకుని, టేపుని గట్టిగా లాగుతూ, కొంచెం కొంచెంగా తిప్పాలి. ఎంత గట్టిగా అంటే, లాగిన చోట టేపు కాస్త మెరుపు తిరిగి, లోయ అడుగుకి తనంతట తానే అంటుకోవాలి. చదునుగా పరిచి తర్వాత వేలితో లోయలోకి నొక్కితే లాభం లేదు. అలా నొక్కిన టేపు కింద గాలి సొరంగంలా నిలుస్తుంది. టైరులో గాలి నింపినప్పుడు టేపు ఒక్కసారిగా కిందికి దిగుతుంది, అంచులు బీడ్ కింద నుంచి లోపలికి జారిపోతాయి. తర్వాత సీలెంట్ ఆ జారిన అంచు కిందికి పాకుతుంది. టేపు పాడయ్యే తీరు దాదాపు ఎప్పుడూ ఇదే.

మొదటి పొర అయ్యాక మడిచిన గుడ్డతో మధ్య నుంచి అంచులకి రుద్దుతూ చుట్టూ రెండుసార్లు వచ్చాం. వెనక చక్రంలో ఒకచోట అర అంగుళం పొడవు బుడగ మిగిలింది. సూదితో పొడవకుండా ఆ పొరంతా పీకి మళ్ళీ వేశాం. పీకిన టేపుని తిరిగి వాడకూడదు, జిగురుకి దుమ్ము పట్టి ఉంటుంది. రెండో పొర కూడా అదే దారిలో.

టేపు వేసిన వెంటనే టైరు ఎక్కించి, లోపల మామూలు ట్యూబు పెట్టి 35 పీఎస్ఐ కొట్టి, పగటి ఎండకి వేడెక్కిన గోడ పక్కన రాత్రంతా వదిలేశాం. ట్యూబు టేపుని అన్ని మూలలకీ సమానంగా నొక్కుతుంది, వెచ్చదనానికి జిగురు పడుతుంది. పెట్టె మడతల్లో ముడుచుకున్న కొత్త టైరు కూడా ఈలోగా తన ఆకారంలోకి వస్తుంది. ఒక్క పూట ఆలస్యమే కానీ, గాలి కొట్టే రోజు పడే శ్రమ సగం తగ్గుతుంది.

వాల్వు, టైరు, గాలి

పొద్దున గాలి తీసి, టైరు ఒక్క పక్క బీడ్ మాత్రమే ఊడదీసి ట్యూబు బయటికి లాగాం. రెండో పక్క బీడ్ కూర్చున్న చోటే ఉండాలి. ఇక గాలి బిగించాల్సింది ఒక్క పక్కే.

వాల్వు రంధ్రం దగ్గర టేపుని కత్తితో గుణకారం గుర్తులా కోయడం చాలామంది చేసే పని. ఆ నాలుగు మూలల నుంచీ చీలిక పాకుతుంది. పాత స్పోకు ముక్కని పట్టకారుతో పట్టుకుని మొన ఎర్రబడేదాకా కాల్చి, రంధ్రం మధ్యలో బయటి నుంచి లోపలికి దించాం. టేపు కరిగి గుండ్రటి చిల్లు పడింది, అంచు గట్టిపడి చిన్న గట్టులా నిలిచింది. చిల్లు వాల్వు కన్నా చిన్నదిగానే ఉంచి, వాల్వుని నెట్టి దించాలి.

వాల్వు అడుగు రబ్బరుకి రెండు చుక్కల సీలెంట్ రాసి, బయట ఓ-రింగు, నట్టు వేసి వేళ్ళతో బిగించాం. పానాతో బిగిస్తే ఏదో ఒక రోజు రాళ్ళ మీద పంచరై ట్యూబు వేయాల్సి వచ్చినప్పుడు ఆ నట్టు చేత్తో రాదు.

టైరు రెండో బీడ్ ఎక్కించేటప్పుడు వాల్వుకి ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. మిగతా బీడ్ అంతా రిమ్ము మధ్య లోయలోకి దిగితేనే ఆఖరి జానెడు సులువుగా ఎక్కుతుంది. వాల్వు ఉన్న చోట బీడ్ లోయలోకి దిగలేదు కాబట్టి అక్కడ ముగించడమే దారి. ఆఖర్లో లివరు వాడాల్సి వస్తే దాని మొన టేపుని గీరకుండా చూడాలి.

బీడ్ రెండు పక్కలా సబ్బునీళ్ళు కొట్టి, వాల్వు కోరు విప్పి పంపు పెట్టాం. కోరు లేకపోతే గాలి ఒక్కసారిగా ఎక్కువ వెళ్తుంది, బీడ్ అంచుకి ఎక్కడానికి కావాల్సింది ఆ వేగమే. ముందు చక్రం పంపుతోనే ఠప్ ఠప్‌మని కూర్చుంది. వెనకది ఒకచోట బుసబుసలాడుతూ నిలవలేదు, కంప్రెసర్ కావాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక చిక్కుంది. ప్రెస్టా వాల్వుకి పెట్టే ఇత్తడి అడాప్టర్ మర కోరు మీదే ఉంటుంది. కోరు విప్పితే అడాప్టర్ పట్టదు. కాబట్టి పంచరు షాపు గొట్టం కన్నా, బైకులు కడిగే సర్వీసింగు పాయింటులో దుమ్ము ఊదడానికి వాడే గన్ను మేలు. దాని ముక్కుని వాల్వు మూతికి నొక్కిపట్టి, క్షణం పాటు వదలడం, ఆపడం, చూడడం. కంప్రెసర్ ట్యాంకులో 100 పీఎస్ఐ పైన ఉంటుంది, గన్నుకి గేజి ఉండదు. పట్టుకునే అన్నకి ఇది ముందే చెప్పాలి, బైకు టైరనుకుని ఒక్కసారి వదిలితే టైరు రిమ్ము నుంచి ఎగిరిపోతుంది. రిమ్ము మీదా టైరు మీదా రాసి ఉన్న గరిష్ఠ ప్రెషర్లలో ఏది తక్కువైతే అదే హద్దు, మౌంటెన్ బైకుకి మామూలుగా 40 పీఎస్ఐ దాటకూడదు.

కూర్చుందో లేదో చప్పుడుని బట్టి కాకుండా కళ్ళతో చూసి తేల్చుకోవాలి. టైరు గోడ మీద రిమ్ము పక్కనే సన్నటి గీత అచ్చు వేసి ఉంటుంది. అది చుట్టూ రిమ్ముకి ఒకే దూరంలో కనబడాలి. వెనక చక్రంలో ఒక జానెడు మేర గీత లోపలికి మునిగి ఉంది. గాలి తీసి, అక్కడ మరికాస్త సబ్బునీళ్ళు రాసి, మళ్ళీ ఊదితే బయటికొచ్చింది.

సీలెంట్ పోయకుండానే, కోరు బిగించి గాలి నింపి, రెండు చక్రాలనీ ఓ పది నిమిషాలు అలా ఉంచాం. ఈ పొడి పరీక్షలో గాలి మెల్లగా తగ్గితే పర్వాలేదు. స్పోకుల మొదట్లో బుస్సుమంటే మాత్రం టేపు పోయిందన్నమాట, సీలెంట్ పోసి దాన్ని కప్పిపెట్టాలని చూడొద్దు.

సీలెంట్

ఒక్కో చక్రానికి 110 మి.లీ. 29×2.25 టైరుకి 90 సరిపోతుంది, కానీ కొత్త టైరు గోడలు కొంత పీల్చుకుంటాయి. సీసాని నిమిషం పాటు బాగా కుదపాలి, చిల్లు పూడ్చే రేణువులన్నీ అడుగున పేరుకుని ఉంటాయి. కుదపకుండా పోస్తే చక్రంలోకి వెళ్ళేది పైనున్న పలచటి నీళ్ళే.

గాలి తీసినా బీడ్ కూర్చున్న చోటే ఉంటుంది కాబట్టి కోరు విప్పి సిరంజితో వాల్వు గుండా పోశాం. వాల్వుని గడియారంలో నాలుగు గంటల చోటుకి తెచ్చి పోస్తే సీలెంట్ తిరిగి పైకి చిమ్మదు. కోరు బిగించి, 30 పీఎస్ఐ కొట్టి, చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని బియ్యం చెరిగినట్టు చుట్టూ ఊపాం. ఆ పైన బకెట్ మూతి మీద అడ్డంగా పడుకోబెట్టి, గంటకోసారి తిరగేశాం. టైరు గోడ నిండా సూది మొనంత తెల్లటి చుక్కలు లేచి, చూస్తుండగానే ఆగిపోయాయి.

ఈ తెల్లటి ద్రవం లోపల ఏం చేస్తుందో తెలిస్తే ఏం చేయకూడదో తేలికగా తెలుస్తుంది. లేటెక్స్ అంటే నీళ్ళలో తేలుతున్న రబ్బరు కణాలు. వాటిని ఒకదానికొకటి అంటుకోకుండా ఆపేది అమ్మోనియా లాంటి క్షారం. చిల్లులోంచి గాలి దూసుకెళ్ళేటప్పుడు కణాలు రాసుకుంటాయి, నీరు ఆరిపోతుంది, కణాలన్నీ గడ్డకట్టి బిరడాలా నిలుస్తాయి. ఇప్పుడు దారిలో గాలి కొట్టడానికి కార్బన్ డయాక్సైడ్ గుళిక వాడితే ఆ వాయువు నీళ్ళలో కరిగి ఆమ్లమవుతుంది, క్షారం బలం తగ్గుతుంది, చిల్లు లేకుండానే సీలెంట్ గడ్డకడుతుంది. గుళిక వాడక తప్పకపోతే వాల్వు పైకి ఉండేలా తిప్పి కొట్టాలి, ఇంటికొచ్చాక ఆ గాలి తీసి పంపుతో నింపాలి.

బైకులకి అమ్మే ఆకుపచ్చ జెల్లు సగం ధరకే వస్తుంది. అవి ఎక్కువగా గ్లైకాల్‌లో నార కలిపినవి. ఆరిపోవు, నిజమే. అలాగే గడ్డకట్టవు కూడా. మోటారు సైకిలు మందపాటి టైరులో అది చాలు. సైకిలు పలచ టైరు గోడలోని సూక్ష్మ రంధ్రాలని పూడ్చేది లేటెక్సే.

కేరళ నుంచి డబ్బాల్లో వచ్చే లేటెక్స్ కొని సొంతంగా కలుపుకోవడం ఇంకో దారి. సెంట్రిఫ్యూజ్ చేసిన (గిరగిరా తిప్పి చిక్కబరిచిన) ఆ లేటెక్సులో రబ్బరు 60 శాతం ఉంటుంది, ఎక్కువకాలం నిలవడానికి అమ్మోనియా 0.7 శాతం దాకా కలుపుతారు. టేపు పక్కాగా ఉంటే ఇబ్బంది లేదు. కాస్త లేచిన చోట అది రిమ్ములోకి దిగి అల్యూమినియం నిపుళ్ళని తినేస్తుంది. ఇత్తడి నిపుళ్ళకీ అమ్మోనియా పడదు. ఈ చక్రాలకి అల్యూమినియంవి, కాబట్టి వద్దనుకున్నాం.

మొదటి వారం – లీకుల వేట

మర్నాడు పొద్దున ముందు చక్రం 30 నుంచి 26కి, వెనకది 30 నుంచి 18కి దిగాయి. కొత్త టైరు మొదటి రాత్రి కొంత దిగడం సహజం, 18 మాత్రం ఎక్కువ.

గాలి పోవడానికి దారులు నాలుగే: వాల్వు, స్పోకుల రంధ్రాలు, బీడ్, టైరు గోడ. సబ్బునీళ్ళు స్ప్రే చేస్తూ ఒక్కోటి చూడడమే. టైరు గోడ మీదో బీడ్ పక్కనో నురగ వస్తే చక్రాన్ని ఆ పక్కకి పడుకోబెట్టి ఒక రాత్రి వదిలితే పూడుకుంటుంది, లేదా ఓ చిన్న రైడు వేస్తే సరి. స్పోకు మొదట్లో నురగ వస్తే ఆ స్పోకు దగ్గరే టేపు పోయిందని అనుకోవద్దు. గాలి టేపు కింద ఎక్కడో దూరి, బోలు రిమ్ములో తిరిగి, తేలికైన చోట బయటికొస్తుంది.

వెనక చక్రంలో బుడగలు వాల్వు నట్టు చుట్టూ కనిపించాయి. నట్టు ఇంకా బిగించే ముందు కోరు చూడాలి. కోరు మూతి మీద ఒక చుక్క సబ్బునీళ్ళు పెడితే అది కదలకుండా నిలిచింది, అంటే కోరు బాగుంది. గాలి తీసి, నట్టు వదులు చేసి, వాల్వుని పావు వంతు తిప్పి కిందికి నొక్కి, మళ్ళీ వేళ్ళతో బిగించాం. మర్నాటికి 30 నుంచి 27. వారం ఆఖరికి రెండూ రోజుకి ఒక పీఎస్ఐ లోపే తగ్గుతున్నాయి, అంతకన్నా ఆశించక్కర్లేదు.

మార్చి – ప్రెషర్ కుదర్చడం

70 కిలోల మనిషికి ఈ టైర్లు, ఈ రిమ్ముతో ముందు 20, వెనక 23 దగ్గర మొదలుపెట్టి ఒక్కో పీఎస్ఐ మారుస్తూ చూశాం. రాయి మీద రిమ్ము ఠంగున తగిలితే ఒకటి పెంచాలి. మలుపులో టైరు కింద నుంచి పిండినట్టు వంగితే అప్పుడూ ఒకటి పెంచాలి. గుట్టల గ్రానైటు మీద 20, 23 నిలిచాయి. అనంతగిరి ఎర్రమట్టి, వేర్ల దారిలో ముందు 18 దాకా దించినా బాగుంది.

పంపు మీది గేజిని ఈ పనికి నమ్మొద్దు. 160 దాకా ఉన్న ముల్లు 20 దగ్గర మూడు నాలుగు అటూ ఇటూ చూపినా తెలియదు, మనం మారుస్తున్నదే ఒకటీ రెండూ. ఎండ లెక్క కూడా ఉంది. తెల్లవారుజామున 20 డిగ్రీల చల్లదనంలో 20 పీఎస్ఐ నింపిన టైరు 40 డిగ్రీలకి వేడెక్కితే 22 దాటుతుంది. వేసవిలో కారు డిక్కీలో వేసుకెళ్ళిన సైకిలుకి దిగాక మళ్ళీ గేజి పెట్టి చూడాలి.

ఏప్రిల్, మే – ఎండలు

సీసా మీద మూడు నుంచి ఆరు నెలలు అని ఉన్నా మన వేసవిలో ఆ లెక్క నడవదు. లోపలి నీరు టైరు గోడ గుండా ఆవిరవుతూనే ఉంటుంది, వేడికి ఇంకా త్వరగా. డాబా మీద ఎండలో నిలిపే సైకిలుదైతే మరీ. మార్చి నుంచి జూన్ దాకా ఆరు వారాలకోసారి చూడడం, వానలు పడ్డాక రెండు, మూడు నెలలకోసారి చూడడం మా లెక్క.

కొలిచే తీరు: చక్రం నేలకి తగలకుండా సైకిలుని ఎత్తిపెట్టి, వాల్వుని పైకి తెచ్చి గాలి తీసి, కోరు విప్పాలి. వాల్వు కింద ఉండగా కోరు విప్పితే సీలెంట్ చిమ్ముతుంది, కోరూ మూసుకుపోతుంది. తర్వాత మెల్లగా తిప్పి వాల్వుని అన్నిటికన్నా కిందికి తేవాలి. అయిదు నిమిషాలాగి, వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీని నిటారుగా దించి తీస్తే ఎంత తడిసిందో కనబడుతుంది. ఏప్రిల్ ఆఖరులో ముందుదాంట్లో పట్టీ కొసకి జిగురు జిగురుగా అంటుకుంది, వెనకదాంట్లో కొస పొడిగానే వచ్చింది. రెంటికీ 60 మి.లీ. చొప్పున పోశాం. సైకిలుని నీడకి మార్చాక తర్వాతి ఆరు వారాలకి రెండింటిలోనూ కొంత మిగిలే ఉంది.

కోరు మూసుకుపోయిందంటే పంపు కొడుతున్నా గాలి వెళ్ళదు, గేజి అబద్ధం చెబుతుంది. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి టూత్‌బ్రష్షుతో రుద్దితే వస్తుంది. లేకపోతే కొత్తది వేయాలి, అది చవక సరుకే.

జూన్ – చిల్లులు, పుల్లలు, ట్యూబు

పల్లేరు ముల్లు గుచ్చుకుంటే లాగేసి, చిల్లు కిందికి ఉండేలా చక్రాన్ని తిప్పి ఆపితే చాలు, సీలెంట్ అక్కడికి చేరి మూస్తుంది. 3 మి.మీ. లోపు చిల్లుల సంగతి అది చూసుకుంటుంది. పదునైన రాయి చీరితే పుల్ల (సూదితో చిల్లులోకి దూర్చే జిగట రబ్బరు ముక్క) కావాలి. సైకిలుకి 1.5, 3.5 మి.మీ. మందం పుల్లలు వస్తాయి. పంచరు షాపులో బైకు టైరుకి వేసే లావు పుల్లని ఈ పలచ టైరులోకి దూర్చితే చిల్లు పెద్దదవుతుంది. పుల్ల సగం లోపలికి పోగానే సూదిని తిప్పకుండా ఒక్క లాగుతో బయటికి తీయాలి. టైరు గోడ మీద చీలికకి పుల్ల నిలవదు, గోడ వంగినప్పుడల్లా కదులుతుంది. అక్కడ లోపలి నుంచి పట్టీ వేయాలి.

ఇక ట్యూబు వేయాల్సి వచ్చిన రోజు సంగతి. నెలల తరబడి ముళ్ళ దారిలో తిరిగిన ట్యూబ్‌లెస్ టైరు లోపల విరిగిన ముళ్ళ మొనలు ఎన్నో ఉంటాయి, సీలెంట్ మూసేయడం వల్ల మనకి తెలియదు. అలాగే ట్యూబు పెడితే వంద గజాల్లో పంచరే. మడిచిన గుడ్డని టైరు లోపల చుట్టూ తిప్పితే, పట్టుకున్న ప్రతి చోటా ఒక మొన. పట్టకారుతో లోపలికి లాగి తీయాలి, బయటికి నెడితే విరుగుతుంది. అందుకే సంచిలో ట్యూబు, పుల్లలతో పాటు చిన్న పట్టకారు కూడా చేర్చాం.

ఆగస్టు – వెనక టైరు మార్పు

వెనక టైరు మధ్య గుబ్బలు అరిగాయి, తడి బండల మీద జారుతోంది. పాతది తీస్తే లోపల చేమదుంపంత సీలెంట్ గడ్డ దొర్లింది, గోడలకి పలచటి రబ్బరు పొర అంటుకుని ఉంది. పొర తీయక్కర్లేదు, గాలి పట్టడానికి అది మంచిదే. గడ్డ మాత్రం తీసేయాలి, దాని బరువుకి చక్రం ఊగుతుంది.

టేపుని వాల్వు దగ్గర వెలుతురులో చూశాం. ఒక అంచు 2 మి.మీ. మేర లేచి దాని కింద తెల్లటి గీత కనబడింది. సీలెంట్ పాకడం మొదలైంది, నిపుల్ రంధ్రం దాకా ఇంకా చేరలేదు. అంత మేరకి ముక్క అతికిస్తే కొత్త ముక్క అంచు కింద నుంచి మళ్ళీ పాకుతుంది, కాబట్టి మొత్తం పీకాం. చక్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపితే రిమ్ములో ద్రవం చప్పుడు లేదు. ఆల్కహాల్, గుడ్డ, రెండు పొరలు, ట్యూబుతో ఒక రాత్రి, అన్నీ మళ్ళీ మొదటి నుంచి. ఈసారి కొత్త టైరు పంపుతోనే కూర్చుంది. వాల్వు అడుగు రబ్బరు అంచు నలిగి ఉండడంతో దాన్నీ మార్చాం.

110 మి.లీ. పోసి, 30 దగ్గర బకెట్ మీద వదిలాం. పొద్దుటికి 27. డిస్కు బిగించి 23కి దించి, ముందు చక్రానికి కూడా ఈ వానాకాలపు 50 మి.లీ. చేర్చాం.